తివాచీలో ఇంకిన మైనం పైకి రావాలంటే

కొవ్వొత్తి ఒలికిందని కంగారుపడి, వేడి మీదే గుడ్డతో తుడవకండి. కరిగి ఉన్న మైనం పోగుల అడుగుకు దిగి, మచ్చ రెండింతలవుతుంది. ముందు గడ్డకట్టనివ్వండి.

పేరులో కొవ్వున్నా ఇప్పటి కొవ్వొత్తులు ఎక్కువగా పెట్రోలియం నుంచి తీసిన పారాఫిన్‌తో చేసినవే. దాని అణువులు కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న పొడవాటి గొలుసులు. నీటితో వాటికి పొత్తు కుదరదు, అందుకే సబ్బునీళ్ళు ఎన్ని పోసినా దండగే. లొంగేది వేడికే: సుమారు 50–65 డిగ్రీల సెల్సియస్‌లో నూనెలా పలచబడుతుంది.

ఐసు ముక్కల్ని ప్లాస్టిక్ కవర్లో కట్టి మచ్చ మీద పది నిమిషాలు ఉంచండి. పెళుసుబారిన మైనాన్ని స్పూను అంచుతో విరిచి, రాలిన పొడిని అప్పుడే వాక్యూమ్‌తో లాగేయండి. వదిలేస్తే తర్వాత పెట్టబోయే ఇస్త్రీ వేడికి అదే మళ్ళీ కరిగి లోపలికి పోతుంది. చాకు వాడితే పోగులు తెగుతాయి.

ఇక మిగిలిన పొర. తెల్లటి టిష్యూ కాగితాలు రెండు పొరలు పరిచి, ఆవిరి ఆపేసి, అతి తక్కువ వేడిలో ఇస్త్రీపెట్టెను ఐదారు సెకన్లు ఆనించి తీయండి. బజ్జీల పొట్లానికి నూనె అంటినట్టు కాగితం మీద మరక తేలుతుంది. కాగితం నారల సన్నటి సందులు కరిగిన మైనాన్ని పైకి పీల్చుకుంటాయి. వత్తి మంట దాకా మైనాన్ని ఎక్కించుకునేదీ ఇలాగే. నిండిన కాగితం ఇక పీల్చదు, కాబట్టి ప్రతిసారీ కొత్తది వేయాలి. వార్తాపత్రిక వద్దు, సిరా అంటుతుంది.

అసలు జాగ్రత్త ఇక్కడే. ఏలూరు తివాచీల్లాంటి వాటిలోని ఉన్ని కరగదు గానీ ఎక్కువ వేడికి మాడి పసుపుబారుతుంది. చవక తివాచీల్లోని పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగు 160 డిగ్రీల ప్రాంతంలో కరిగిపోతుంది, అంతకన్నా ముందే మెత్తబడి అణిగిపోతుంది. అలా వచ్చిన మెరుపు మచ్చకు మందు లేదు. లేబుల్ మీద ఆ పేరుంటే ఇస్త్రీ మానేసి, హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెడుతూ కాగితంతో అద్దండి.

రంగు కొవ్వొత్తి అయితే మైనం పోయినా రంగు మిగులుతుంది. తివాచీ పూర్తిగా చల్లారాక, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని, తెల్లగుడ్డకు కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పట్టించి అద్దండి. ముందు కనబడని మూలలో పరీక్షించాలి. నేరుగా పోస్తే వెనుక పోగుల్ని పట్టి ఉంచే రబ్బరు జిగురు వదులవుతుంది. కిరోసిన్‌కు మైనం కరుగుతుంది, నిజమే. కానీ జిగురును పాడుచేస్తుంది, వాసన వదలదు, ఆపైన ఇస్త్రీ తగిలిస్తే అంటుకుంటుంది.