బూజు నుంచి మందు దాకా: కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నై ఉక్కపోతకు బ్రెడ్ మూడో రోజుకే బూజు పట్టేస్తుంది. "పెన్సిలిన్ దీన్నుంచే కదమ్మా వచ్చింది, తింటే ఏమవుతుంది?" అని కింది వాటా పిన్నిగారు అడిగారు. శిలీంధ్రాల (బూజు లాంటివాటి) ల్యాబ్‌లో పనిచేసేదాన్ని కదా, అందరూ నన్నే అడుగుతారు.

అపోహ: బ్రెడ్ మీది బూజు మందులాంటిదే.

వాస్తవం: పెన్సిలిన్ తయారుచేసేవి కొన్ని రకాల బూజులే. వేరుశనగ మీద పెరిగే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అయితే కాలేయ క్యాన్సర్ తెచ్చే అఫ్లాటాక్సిన్‌ను చేస్తుంది. ఏది ఏదో కంటితో పోల్చుకోలేం. పైపైన గిల్లేసి తినొద్దు, పోగులు లోపలికి దిగి ఉంటాయి.

అపోహ: ల్యాబ్ ప్లేటులో క్రిములు చస్తే కొత్త మందు దొరికినట్టే.

వాస్తవం: ప్రాజెక్టుకొచ్చే ప్రతి విద్యార్థీ ఇక్కడే పడతాడు, నేనూ పడ్డాను. అగార్ (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ లాంటిది) పోసిన ప్లేటు మీద బ్యాక్టీరియా పూసి, శిలీంధ్రం సారంలో ముంచిన చిన్న కాగితం బిళ్ల పెడతాం. మర్నాడు తీస్తే ప్లేటంతా తెల్లటి పొర, బిళ్ల చుట్టూ మాత్రం అద్దంలా గుండ్రటి ఖాళీ. ఒళ్లు పులకరిస్తుంది! కానీ ఒకసారి సారం లేకుండా, దాన్ని తీయడానికి వాడే ద్రావకం మెథనాల్‌లో మాత్రమే ముంచిన బిళ్ల చుట్టూ కూడా అదే ఖాళీ వచ్చింది. బిళ్లలు సరిగా ఆరలేదు, క్రిముల్ని చంపింది మిగిలిపోయిన మెథనాలే. మూడు వారాల పని మళ్లీ మొదటికొచ్చింది.

ఆ గండం దాటినా సరిపోదు. క్రిముల్ని ఫినాయిల్ కూడా చంపుతుంది. మందు మన కణాల జోలికి పోకూడదు, సరిపడా తయారవ్వాలి. శాస్త్రవేత్త ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను గమనించింది 1928లో. ఆక్స్‌ఫర్డ్‌లో 1941లో ఒక పోలీసుకు ఇస్తే గుణం కనిపించింది, కానీ మందు చాల్లేదు. ఆయన మూత్రం నుంచే తిరిగి తీసి ఎక్కించారు. అదీ అయిపోయింది, ఆయన దక్కలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అపోహ: యాంటీబయాటిక్స్ అన్నీ బూజు నుంచే వచ్చాయి.

వాస్తవం: చాలావాటికి మూలం మట్టిలోని బ్యాక్టీరియా. మన భీమవరంలో పుట్టి, ఇక్కడి మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో పరిశోధన నడిపించినప్పుడు బయటికొచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా అలాంటిదే.

అపోహ: ఎంజైమ్ డిటర్జెంట్‌లో బతికున్న క్రిములుంటాయి.

వాస్తవం: ఎంజైమ్ ప్రాణి కాదు, ప్రొటీన్. నూనె మరకల్ని విడగొట్టే లైపేజ్‌ను శిలీంధ్రాలతో తయారుచేయిస్తారు. మరిగే నీళ్లు పోస్తే ఉడికిన గుడ్డు తెల్లసొనలా పాడైపోతుంది. గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టండి. ఒక్క జాగ్రత్త: ఈ పొడుల్లో ప్రొటీన్‌ను కోసే ఎంజైమ్ కూడా ఉంటుంది, పట్టుదారం ప్రొటీనే. కంచిపట్టు చీరను మాత్రం అందులో వేయకండి.