మొరం రోడ్డు మీద సైకిల్: అపోహలు - వాస్తవాలు

మొరం రోడ్డు అంటే ఎర్ర మొరం పోసి తొక్కించిన ఊరి దారులు, కాలువ గట్లు, చెరువు కట్టల మీది బాటలు. కంకర పరిచి, రోలరు తిప్పి, తారు సంగతి మరిచిపోయిన ముక్కలూ ఈ లెక్కలోకే వస్తాయి. వాటికి మన దగ్గర కొదవలేదు. ఈ దారుల గురించి వినిపించే సలహాల్లో చాలావరకు తారు రోడ్డు అలవాట్లే. ఇంకొన్ని నెట్‌లో అమెరికా వాళ్లు చెప్పినవి, అవి వాళ్ల రాళ్లకు సరిపోతాయి.

అపోహ: గాలి గట్టిగా కొడితేనే సైకిల్ తేలిగ్గా పోతుంది.

నున్నటి తారు మీద ఇది కొంతవరకు నిజం. కంకర మీద మాత్రం గట్టి టైరు ప్రతి రాయినీ ఎక్కి దిగుతుంది. ప్రతిసారీ సైకిల్‌నూ మనిషినీ పైకి లేపడానికి పోయే బలం మీ కాళ్లదే. గాలి తగ్గిస్తే రాయి టైరులోకి దిగబడుతుంది, సైకిల్ ముందుకు పోతుంది. పట్టు కూడా పెరుగుతుంది.

70 కిలోల మనిషి, 700x40 టైరు (అంటే 40 మిల్లీమీటర్ల వెడల్పుది), లోపల ట్యూబు లేని ట్యూబ్‌లెస్ అయితే ముందు 30, వెనక 33 పీఎస్‌ఐతో (గాలి ఒత్తిడి కొలత) మొదలుపెట్టండి. ట్యూబు ఉంటే రెండింటికీ 5 కలపండి. బరువులో ప్రతి 5 కిలోల తేడాకూ ఒకటి, ఒకటిన్నర అటూ ఇటూ చేసుకోవచ్చు. వెనక బ్యాగు కడితే వెనక టైరుకు ఇంకో 2. ఇవి మొదలుపెట్టే అంకెలు మాత్రమే. రాళ్లు తేలిన ముక్క ఒకటి, ఓ 300 మీటర్లది చూసుకుని, అదే వేగంతో తిరుగుతూ ఒక్కోసారి 2 చొప్పున తగ్గించండి. రిమ్ము రాయికి టక్కుమని తగిలిందంటే హద్దు దాటినట్టు. 3 పెంచి అక్కడ ఆగండి. మలుపులో వెనక టైరు పక్కకు మెత్తగా ఊగినట్టనిపించినా గాలి తక్కువైనట్టే. ట్యూబు ఉన్న టైరులో హద్దు దాటితే రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఆ జంట చిల్లులు కనిపిస్తే ముల్లు కోసం వెతక్కండి, తప్పు గాలిది.

బొటనవేలితో నొక్కి చూస్తే 28కీ 36కీ తేడా తెలియదు. ఇంట్లోని నిలువు పంపుల మీటరు 160 దాకా ఉంటుంది కాబట్టి 30 దగ్గర దాన్నీ నమ్మలేం. తక్కువ గాలి కొలిచే చిన్న గేజి విడిగా కొనడం దండగ కాదు. ఎండను కూడా లెక్కలో పెట్టుకోవాలి. పొద్దున 25 డిగ్రీలప్పుడు 32 పెట్టిన టైరు, ఎండలో నిలిపి 50 డిగ్రీలకు వేడెక్కితే 36 దగ్గరికి వస్తుంది. మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో సైకిల్ ఎగిరెగిరి పడుతుంటే ముందు చూడాల్సింది ఇదే.

అపోహ: పెద్ద బుడిపెల టైరు లేకపోతే జారిపడతారు.

ఎండిన గట్టి మొరం మీద మధ్యలో దాదాపు నున్నగా, అంచుల్లో చిన్న బుడిపెలు ఉన్న టైరే హాయి. గట్టి నేల మీద వదులు రాళ్లు చెల్లాచెదురుగా ఉంటే ఏ బుడిపే నేలను అందుకోదు. అక్కడ పట్టు ఇచ్చేది వెడల్పు, తక్కువ గాలి, తొందరపడని మలుపు.

వాన పడ్డ నల్లరేగడిలోకి మాత్రం ఏ టైరుతోనూ దిగకండి. పది గజాలు తిరిగేలోపే మట్టి టైరుకు పొరలుపొరలుగా అంటుకుని, ముందు ఫోర్కులోనూ, వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే చైన్‌స్టే గొట్టాల మధ్యా ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది. అప్పుడు బలం పెట్టి తొక్కితే వెనక డిరేలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే డిరేలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క) వంగడమో విరగడమో ఖాయం. దిగి, గడ్డి ఉన్న అంచున నడిపించండి. పుల్లతో మట్టి గీకాకే మళ్లీ ఎక్కండి. హ్యాంగర్లు సైకిల్ మోడల్‌ను బట్టి మారతాయి, చిన్న ఊళ్లలో దొరకవు. ఒకటి సీటు కింది బ్యాగులో ఉండాలి.

అపోహ: ట్యూబ్‌లెస్ చేయిస్తే పంచరు బెడద తీరినట్టే.

బెడద తగ్గుతుంది, మీరు చూసుకుంటూ ఉన్నంతకాలం. అమెరికాలోని కాన్సస్‌లో 2006లో మొదలైన, ఇప్పుడు అన్‌బౌండ్ గ్రావెల్ అని పిలిచే పోటీ దారుల్లో పదునైన చెకుముకి రాళ్లు టైరు పక్కలు కోస్తాయి. అందుకే అక్కడివాళ్లు మందపాటి పక్కల టైర్ల గురించి అంతగా మాట్లాడతారు. మన దగ్గర శత్రువు ముల్లు. ఎండి రాలిన పల్లేరు కాయలు, గట్ల పొడవునా సర్కారు తుమ్మ. పల్లేరు చిల్లును సీలెంట్, అంటే ట్యూబ్‌లెస్ టైరు లోపల పోసే రబ్బరు ద్రవం, రెండు మూడు చుట్లలో మూసేస్తుంది. ట్యూబు టైరుకు ఒక్క గట్టు చాలు, నాలుగైదు చిల్లులు పడతాయి.

700x40 టైరుకు 60 మిల్లీలీటర్లు చాలని సాధారణంగా చెబుతారు. మన ఎండలకు మొదటిసారి 80-90 పోయడం మేలు. సీలెంట్‌లోని నీరు ఆవిరైపోతే మిగిలేది రబ్బరు ఉండలే. రెండు నెలలకోసారి చక్రం తీసి ఊపండి. లోపల గలగల వినిపించకపోతే వాల్వు కోర్ (వాల్వు లోపలి చిన్న మర) విప్పి 30-40 మిల్లీలీటర్లు పోయండి. పోసేటప్పుడూ గాలి కొట్టేటప్పుడూ వాల్వు పైవైపు ఉంచితే సీలెంట్ దానిలో పేరుకోదు. 3 మిల్లీమీటర్లు దాటిన చిల్లును సీలెంట్ మూయలేదు, రబ్బరు పురి (ప్లగ్) దూర్చాలి. పురి దూర్చాక బయటికి మిగిలిన తోకను మరీ మొదలంటా కోయకండి, ఊడి వస్తుంది.

తుమ్మ ముల్లు మొన తరచూ టైరులోనే విరిగిపోతుంది. ట్యూబు మార్చే ముందు పాత కాటన్ గుడ్డతో టైరు లోపల చుట్టూ తుడవండి. మొన ఉన్నచోట గుడ్డ పట్టుకుంటుంది. వేళ్లతో వెతికితే రక్తం వస్తుంది, మొన మాత్రం దొరకదు.

రోడ్డు పక్క పంచరు షాపు కంప్రెసరు గొట్టం మోటారు బండ్ల వాల్వుకు సరిపోయేది, మీ సన్న ప్రెస్టా వాల్వుకు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకే బిగించి ఉంచండి. అక్కడ 50 దాకా కొట్టించుకుని, మీ గేజితో చూస్తూ తగ్గించుకోవడమే దారి. రిమ్ము మీద రాసిన గరిష్ఠ గాలి మాత్రం దాటనివ్వకండి.

అపోహ: ముందు బ్రేకు వేస్తే పడిపోతారు.

మలుపులో వేస్తే నిజమే. తిన్నగా పోతున్నప్పుడు సైకిల్‌ను ఆపేది ఎక్కువగా ముందు బ్రేకే, బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి. వెనకది ఒక్కటే వేస్తే చక్రం బిగుసుకుని ఈడ్చుకుపోతుంది, దూరం తగ్గదు. మలుపుకు ముందే, సైకిల్ నిటారుగా ఉండగానే రెండూ నెమ్మదిగా పట్టి, తిరిగేటప్పుడు వదిలేయండి. బయటి పెడలు కిందికి, దాని మీద బరువు, చూపు మలుపు చివరన. ఇసుక మేట వస్తే బ్రేకు ముట్టుకోకుండా, కొంచెం వెనక్కి జరిగి, ఒక గేరు పెంచి తొక్కుతూనే ఉండండి. హ్యాండిల్ అటూ ఇటూ ఊగితే ఊగనివ్వండి.

అపోహ: సస్పెన్షన్ లేకపోతే చేతులు మొద్దుబారతాయి.

చాలాసార్లు కారణం ఎక్కువ గాలి, బిగించి పట్టిన పిడికిలి, మరీ కిందికి దించిన హ్యాండిల్. రేకుల కప్పులా అలలు తేలిన రోడ్డు మీద సస్పెన్షన్ ఉన్న సైకిలూ వణుకుతుంది. అక్కడ బండ్ల టైర్లు తిరగని అంచుకు తప్పుకోవడమే మార్గం.

అపోహ: రోడ్డు సైకిల్‌కు వెడల్పు టైర్లు వేస్తే చాలు.

మొదట టైరుకూ ఫ్రేముకూ మధ్య సందు కొలవండి. రెండు పక్కలా కనీసం 4 మిల్లీమీటర్లు ఉండాలి, బురద దారులైతే 6. పాత రిమ్ బ్రేకు సైకిళ్లలో చాలావాటికి టైరు వెడల్పు 28 మిల్లీమీటర్లు దాటదు. గేర్లూ అడ్డే. వదులు రాళ్ల ఎత్తు మీద సీటు వదిలి నిలబడితే వెనక చక్రం తిరుగుతుందే తప్ప సైకిల్ కదలదు. కూర్చుని తొక్కాలంటే ముందు 30, వెనక 34 పళ్లు, లేదా ముందు 40, వెనక 42 లాంటి జత కావాలి. చేతిలో 700x38 హైబ్రిడ్ ఉంటే, ఖరీదైన రోడ్డు సైకిల్‌ను మార్చడం కంటే దానికి మంచి టైర్లు వేయడమే మా ఓటు.

అపోహ: దుమ్ములో చైనుకు నూనె దండిగా ఉండాలి.

పైకి కారిన నూనె దుమ్ముతో కలిసి పళ్లను అరగదీసే ముద్ద అవుతుంది. తుడిచిన చైను మీద ఒక్కో లింకు రోలరుకు ఒక్క చుక్క, పది నిమిషాలు ఆగి పైపైన పొడిగా తుడిచేయడం, అంతే. ఎండాకాలం దుమ్ముకు మైనం ఇంకా నయం. చైను సాగుడు కొలిచే గేజిలో 11, 12 స్పీడులకు (వెనక 11, 12 గేర్లున్నవి) 0.5 దగ్గరే మార్చండి, అంతకు తక్కువ స్పీడులకు 0.75. ఆలస్యం చేస్తే క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) కూడా కొనాల్సి వస్తుంది.

అపోహ: కొత్త సైకిల్‌కు బోల్టులు చూడక్కర్లేదు.

అదురుడుకు మొదట వదులయ్యేవి బాటిల్ కేజీ (నీళ్ల సీసా పెట్టే చట్రం), బ్రేకు రోటరు (డిస్క్ బ్రేకు పళ్లెం), హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ బోల్టులు. మొదటి రెండు మూడు సవారీల తర్వాత టార్క్ రెంచితో చూడండి. స్టెమ్ మీద ఎంత బిగించాలో రాసి ఉంటుంది, సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు. కేజీ బోల్టులకు చుక్క నీలం లాక్‌టైట్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) వేస్తే చాలు.