పాత రేడియోలో గోధుమరంగు రెసిస్టర్: లోపలంతా బొగ్గుపొడే

కోఠి గుజరాతీ గల్లీలో ఏ షాపుకెళ్లి అర వాట్ రెసిస్టర్ (కరెంట్‌ని అడ్డుకుని తగ్గించే చిన్న భాగం) అడిగినా ఇప్పుడు చేతిలో పెట్టేది కార్బన్ ఫిల్మో మెటల్ ఫిల్మో, రెండు చివర్లా ఉబ్బి నడుము సన్నగా ఉంటది చూడండి, అది. పాత వాల్వ్ రేడియో (ట్రాన్సిస్టర్లకి ముందు గాజు గొట్టాలతో నడిచేది) వెనక అట్ట విప్పితే కనిపించేవి వేరే జాతి. ముదురు గోధుమ రంగు, నడుం గిడుం లేకుండా ఒకటే లావు, పైన రంగు గీతలు. కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్లు అంటారు. ఎర్రగడ్డ సండే మార్కెట్లో పాత సెట్టు కొన్నవాళ్లకి తలనొప్పి తెచ్చేవాటిల్లో ఇవి ఒకటి. అయినా పనికిరాని సరుకు అని మొత్తానికి తీసి పారేయడం మాత్రం తప్పంటాను.

పాడైపోయినది ఒకటి కటింగ్ ప్లేయర్‌తో విరగ్గొట్టి చూడండి. బయట బేకలైట్ లాంటి తొడుగు, లోపల నిండా నల్లటి కడ్డీ, రెండు వైపుల నుంచి తీగలు ఆ కడ్డీలోకే దిగి ఉంటాయి, ఊడి రాకుండా తీగ కొసని కాస్త వెడల్పు చేసి ఉంటది. కార్బన్ పొడి, కరెంట్ పారనివ్వని సిరామిక్ పొడి, వాటిని అతికించడానికి రెజిన్, మూడూ కలిపి అచ్చులో నొక్కి వేడి చేస్తారు. కార్బన్ పాలు ఎక్కువైతే ఓమ్స్ (కరెంట్‌ని ఎంత అడ్డుకుంటదో చెప్పే కొలత) తక్కువ, సిరామిక్ పాలు ఎక్కువైతే ఓమ్స్ ఎక్కువ, అంతే సంగతి. అందుకే 10 ఓమ్స్‌దీ 10 మెగా ఓమ్స్‌దీ పక్కపక్కన పెడితే సైజులో తేడా ఉండదు, సైజు చెప్పేది వాట్ల లెక్క, అంటే ఎంత వేడి తట్టుకోగలదో.

ఇప్పుడు ఫిల్మ్ రకాన్ని బ్లేడుతో గీకండి. పెయింట్ కింద పల్చటి పూత, దాన్ని చుట్టూ మెలికలుగా కోసిన గాడి, ఆ కింద సిరామిక్ కడ్డీ. కరెంట్ పోయేది ఆ పూతలోనే, కడ్డీ ఊరికే ఆధారం.

పాత రకం గుణాలూ అవలక్షణాలూ అన్నీ ఈ పొడి దగ్గరే పుడతాయి. సంచిలో పోసిన గోళీల్లాగా కార్బన్ రేణువులు ఒకదానికొకటి అక్కడక్కడా మాత్రమే తగులుతుంటాయి, కరెంట్ ఆ తగిలిన చోట్ల నుంచే దారి వెతుక్కోవాలి. ఆ దారులు నిలకడగా ఉండవు కాబట్టి డీసీ కరెంట్ పారుతున్నప్పుడు అదనంగా నాయిస్ పుడుతది, రేడియోలో, యాంప్‌లో సన్నగా సుయ్‌మనే శబ్దంలో దాని వాటా కూడా ఉంటది. పైగా తొడుగు ఎంత ఉన్నా ఏళ్ల తరబడి గాల్లో తేమ లోపలికి దిగి రేణువుల మధ్య పట్టు సడలి ఓమ్స్ పెరుగుతుంటాయి, ఎక్కువ వాల్యూ ఉన్నవాటికి ఈ రోగం ఎక్కువ. గోధుమ, నలుపు, పసుపు, వెండి గీతలున్నది 100 కిలో ఓమ్స్, 10 శాతం అటూఇటూ, అంటే 90 నుంచి 110 దాకా ఏదైనా ఓకే, కానీ పాత సెట్లో అది 140 చూపించినా ఆశ్చర్యం లేదు.

దీన్ని పట్టుకోవడానికి ప్రతిదాని కాలూ సోల్డర్ తీసి చూడక్కర్లేదు. పవర్ తీసేసి, కెపాసిటర్లు డిశ్చార్జ్ చేసి (వాల్వ్ సెట్లో 250 వోల్ట్‌ల దాకా మిగిలి ఉండొచ్చు, జాగ్రత్త భయ్యా) బోర్డు మీదే మల్టీమీటర్ పెట్టండి. సర్క్యూట్లో మిగతా దారులు ప్యారలల్‌గా వస్తాయి కాబట్టి రీడింగ్ ఉన్నదానికంటే తగ్గాలి గానీ పెరగడానికి లేదు. 100 అని రాసి ఉన్నది బోర్డు మీదే 130 చూపిస్తుందంటే అది పోయినట్టే, మార్చేయండి. తక్కువ చూపిస్తే మాత్రం తొందరపడకుండా ఒక కాలు విప్పి చూడాలి.

ఇన్ని తిట్టాక మంచి కూడా చెప్పాలి కదా. ఒక్కసారిగా పెద్ద దెబ్బ, అంటే మిల్లీ సెకన్లో వచ్చిపోయే భారీ కరెంట్, పడితే ఫిల్మ్ రకంలో ఆ వేడంతా పల్చటి పూత మీదే పడుతది, బయటికి పోయే టైమ్ ఉండదు, గాడి పక్కన ఎక్కడో కాలి తెగిపోతది. కాంపోజిషన్ రకంలో కడ్డీ మొత్తం కరెంట్ మోస్తది కాబట్టి వేడి కూడా మొత్తానికి పంచుకుంటది, రెండూ అర వాట్‌వే అయినా సరే. హై వోల్టేజ్ డిశ్చార్జ్, సర్జ్ ఆపే చోట్ల ఇప్పటికీ ఈ తరహా వాడేది అందుకే. అలాంటి చోట దీన్ని పీకి మామూలు మెటల్ ఫిల్మ్ వేయడం తెలివైన పని కాదు.

మెలికల గాడి లేదు కాబట్టి ఇండక్టెన్స్ (తీగచుట్టలాగా, వేగంగా మారే కరెంట్‌కి అడ్డుపడే గుణం) కూడా చాలా తక్కువ. హ్యామ్ రేడియో వాళ్లకి ఇది బాగా తెలుసు, 1 కిలో ఓమ్ 2 వాట్‌వి 20 ప్యారలల్‌గా కలిపితే 50 ఓమ్స్, 40 వాట్ల డమ్మీ లోడ్ రెడీ, యాంటెన్నా లేకుండానే ట్రాన్స్‌మిటర్ టెస్ట్ చేసుకోవచ్చు. గిటార్ యాంప్ వాళ్లు వీటిలో ఏదో మాయ ఉందంటారు. ప్లేట్ రెసిస్టర్ (వాల్వ్ అవుట్‌పుట్ కాలికి కలిపేది) దగ్గర వోల్టేజ్ బాగా ఊగుతది, దాంతో పాటు ఓమ్స్ కూడా కాస్త మారి కొద్దిగా డిస్టార్షన్ వస్తది, అంతవరకు నిజమే. సిగ్నల్ చిన్నగా ఉన్న చోట కూడా ఇవే ఎక్కువ రేటు పెట్టి వేసుకుంటే మిగిలేది నాయిస్ మాత్రమే.

వీటి అన్నిటికంటే విచిత్రమైన ఉద్యోగం థర్మామీటర్‌ది. చల్లబడేకొద్దీ లోహాల రెసిస్టెన్స్ తగ్గుతది, ఈ కార్బన్ కడ్డీది పెరుగుతది, లిక్విడ్ హీలియం చల్లదనం అంటే సుమారు మైనస్ 269 డిగ్రీల దగ్గర ఆ పెరుగుదల చాలా నిటారుగా ఉంటది. అందుకే ఫిజిక్స్ ల్యాబుల్లో అలెన్ బ్రాడ్లీ కంపెనీ మామూలు రేడియో రెసిస్టర్లనే ఉష్ణోగ్రత కొలవడానికి వాడేవాళ్లు, ఓమ్స్ నుంచి ఉష్ణోగ్రత లెక్కగట్టే ఫార్ములాని 1952లో క్లెమెంట్, క్విన్నెల్ ఇచ్చారు. చిక్కల్లా ఏంటంటే ఏ రెండూ ఒకేలా ఉండవు, దేనికదే కాలిబ్రేట్ చేసుకోవాలి, అంటే తెలిసిన ఉష్ణోగ్రతలతో సరిచూసుకోవాలి, రూమ్ టెంపరేచర్‌కి తెచ్చి మళ్లీ చల్లబరిస్తే ఆ లెక్క కూడా కాస్త జరుగుతది.