రిపోర్టు నార్మల్, ఒంట్లో నీరసం: థైరాయిడ్ వివాదం ఎక్కడ మొదలైంది?

జంతువుల థైరాయిడ్ గ్రంథిని ఎండబెట్టి తయారుచేసే, తన ఆమోదం పొందని మందులపై చర్యలు తీసుకుంటామని 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ప్రకటించడంతో, హైపోథైరాయిడిజం (థైరాయిడ్ హార్మోను తక్కువయ్యే జబ్బు) రోగులకూ వైద్యులకూ మధ్య ఎన్నో ఏళ్లుగా నలుగుతున్న వివాదం మళ్లీ రాజుకుంది. ఆ మందుల్లో హార్మోను మోతాదు ఒక్కోసారి ఒక్కోలా ఉండవచ్చునన్నది సంస్థ ఆందోళన. అవి తప్ప మరేవీ తమకు పడలేదన్నది వాటిని వాడుతున్నవారి మొర. పైకి ఇది ఏ మాత్ర మేలన్న తగవులా కనిపిస్తుంది గానీ, దాని అడుగున మరో పాత తగవు ఉంది. జబ్బు అదుపులోకి వచ్చిందని తేల్చి చెప్పేది రోగి ఒళ్లా, రక్తపరీక్ష కాగితమా అన్నదే ఆ తగవు.

1891లో జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ సారంతో ఒక మహిళకు చికిత్స చేయడం, 1914లో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను స్ఫటిక రూపంలో వేరుచేయడం వంటి తొలినాటి ఘట్టాలను ఇక్కడ మళ్లీ చెప్పుకోవాల్సిన పనిలేదు. ఆ కాలం నుంచి నేటి వివాదానికి పనికొచ్చే విషయం ఒక్కటే: మోతాదు సరిపోయిందని అప్పటి వైద్యుడికి ఎలా తెలిసేది? విశ్రాంతిలో ఉన్న శరీరం ఎంత ఆక్సిజన్ ఖర్చు చేస్తోందో కొలిచేవారు. మడమ వెనుక స్నాయువుపై సుత్తితో కొట్టి, పాదం ఎంత నెమ్మదిగా యథాస్థితికి వస్తోందో గమనించేవారు. రక్తంలో ప్రొటీన్‌తో కలిసివున్న అయోడిన్‌ను లెక్కగట్టేవారు. వీటిలో ఏదీ గట్టి ఆధారం కాదు. అందుకే వైద్యుడు రోగి చర్మాన్ని తాకి చూసేవాడు, గొంతు బొంగురు తగ్గిందా, చలి తట్టుకోగలుగుతున్నారా, మలబద్ధకం పోయిందా అని అడిగేవాడు, ఆ జవాబులను బట్టే మోతాదు పెంచేవాడు లేదా తగ్గించేవాడు. పరీక్షలు బలహీనంగా ఉన్నందువల్లే రోగి మాటకు విలువ దక్కిన కాలమది.

నా దృష్టిలో కథ మలుపు తిరిగింది 1965, 1974 సంవత్సరాల మధ్య. రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ ఇన్సులిన్ కోసం రూపొందించిన రేడియోఇమ్యునోఅస్సే (రేడియోధార్మికత సాయంతో రక్తంలోని అతి స్వల్ప పదార్థాలను కొలిచే) పద్ధతితో 1965లో మనిషి రక్తంలో థైరాయిడ్‌ను ఉత్తేజపరిచే టీఎస్‌హెచ్ అనే హార్మోనును కొలవడం సాధ్యమైంది. థైరాయిడ్ హార్మోను తక్కువైనప్పుడు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది, హార్మోను ఎక్కువైతే తగ్గిస్తుంది. లోపం కొంచెమే ఉన్నా టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి, ఇంతకంటే సున్నితమైన కొలబద్ద వైద్యానికి అంతకుముందు దొరకలేదు. ఆపైన 1970లో బ్రేవర్‌మన్, ఇంగ్‌బార్, స్టెర్లింగ్‌లు థైరాయిడ్ గ్రంథి పనిచేయనివారికి టీ4 (థైరాక్సిన్) ఒక్కటే ఇచ్చినా, శరీరం దానిని మరింత చురుకైన హార్మోను టీ3గా మార్చుకుంటుందని చూపారు. టీ3ని విడిగా ఇవ్వనక్కరలేదన్న నిర్ణయానికి పునాది పడింది అక్కడే.

ఈ రెండూ కలిసి చికిత్స రూపాన్నే మార్చేశాయి. అంతకుముందు రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాముల దాకా లెవోథైరాక్సిన్ (టీ4 మాత్ర) వాడటం మామూలే. టీఎస్‌హెచ్‌ను నార్మల్‌కు తేవడానికి అంత అక్కర్లేదని 1974 నాటికి తేలాక, మోతాదులు దాదాపు సగానికి దిగివచ్చాయి. పాత మోతాదుతో ఓపికగా తిరిగినవారు కూడా తగ్గించుకోవాల్సి వచ్చింది. తగ్గించాక తమకు నీరసం, మతిమరుపు, బరువు పెరగడం మొదలయ్యాయని వారిలో కొందరు చెప్పినప్పుడు, వైద్యుడి చేతిలో ఇప్పుడు ఆ మాటకు ఎదురు నిలిచే ఒక అంకె ఉంది. అప్పటిదాకా లక్షణాలు మోతాదును నిర్ణయించేవి. ఇక మీదట లక్షణాలు ఆ అంకె ముందు తమను తాము రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

మోతాదు తగ్గించడం వైద్యుల మొండితనమని అనడం అన్యాయం. టీఎస్‌హెచ్ బాగా పడిపోయిన 60 ఏళ్లు దాటినవారిలో, పదేళ్ల కాలంలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ దోషం దాదాపు మూడు రెట్లు ఎక్కువగా వచ్చిందని 1994లో ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం చూపింది. హార్మోను మితిమీరితే, ముఖ్యంగా నెలసరి ఆగిన మహిళల్లో ఎముకలు గుల్లబారతాయి. ఈ నష్టాలు రోగికి వెంటనే తెలియవు. ఒంట్లో ఉత్సాహంగా ఉండగానే గుండె దెబ్బతినవచ్చు. పైగా నీరసం, జుట్టు రాలడం, మలబద్ధకం వంటివి థైరాయిడ్ బాగున్నవారిలోనూ విరివిగా కనిపిస్తాయి. 65 ఏళ్లు దాటి, టీఎస్‌హెచ్ స్వల్పంగా పెరిగిన 737 మందిపై 2017లో వెలువడిన ‘ట్రస్ట్’ అనే ఔషధ పరీక్షలో లెవోథైరాక్సిన్ వల్ల లక్షణాలు ఏమీ తగ్గలేదు. కేవలం లక్షణాలను నమ్మి మందివ్వడం ప్రమాదమని వైద్యులు అంటే అందులో నిజం ఉంది.

అయితే లక్షణాలను అడిగే తీరులోనే లోపం ఉండవచ్చునన్న సంగతికి దక్కాల్సినంత చోటు దక్కలేదు. 1997లో కనారిస్ బృందం చేసిన చిన్న అధ్యయనంలో, ఒక లక్షణం ఉందా లేదా అన్నదాని కన్నా, గత ఏడాదితో పోలిస్తే అది మారిందా అన్న ప్రశ్న రోగులను ఆరోగ్యవంతుల నుంచి మెరుగ్గా వేరుచేసింది. “నీరసంగా ఉందా?” అంటే సగం లోకం అవునంటుంది. “పోయిన ఏడాది లేని నీరసం ఇప్పుడుందా?” అన్నది వేరే ప్రశ్న. రోగులు చెప్పుకునేది ఎక్కువగా ఈ రెండో ప్రశ్నకు జవాబే. డెన్మార్క్‌లో 16 మంది ఆరోగ్యవంతులైన పురుషుల నుంచి ఏడాది పాటు నెలనెలా రక్తం తీసి చూసిన అధ్యయనం 2002లో వెలువడింది. ఒక్కో మనిషి హార్మోన్లు కదలాడే పరిధి, ప్రయోగశాల నార్మల్ పరిధిలో సుమారు సగమేనని అందులో తేలింది. అంటే అందరికీ నార్మల్ అయిన అంకె ఒక మనిషికి తన సొంత స్థాయి కాకపోవచ్చు. జబ్బు రాకముందు తన స్థాయి ఎంతో ఎవరూ కొలిచి పెట్టుకోరు గనుక, ఆ తేడా రోగి ఒంటికి తప్ప మరెవరికీ తెలిసే వీల్లేదు.

ఇక నేటి మాత్రల తగవుకు వస్తే, ఎండబెట్టిన గ్రంథి మందులో టీ4తో పాటు టీ3 కూడా ఉంటుంది. టీ3 కలపాలా వద్దా అన్న చర్చకు అసలైన ఊపు 1999లో వచ్చింది. 33 మందిపై బునెవిసియస్ బృందం జరిపిన పరీక్షలో టీ4లో కొంత తగ్గించి టీ3 కలిపినప్పుడు మానసిక స్థితి, ఆలోచనా శక్తి మెరుగుపడ్డాయి. తర్వాతి పరీక్షల్లో ఎక్కువ భాగం ఆ ఫలితాన్ని నిలబెట్టలేదు. వైద్య సంఘాలు దానితో అధ్యాయం ముగిసిందని భావించాయి. కానీ 2005లో నెదర్లాండ్స్‌లో 141 మందిపై అపెల్‌హోఫ్ బృందం జరిపిన పరీక్షను నిదానంగా చదివితే వేరే సంగతి కనిపిస్తుంది. ఎవరికి ఏ మందు అందిందో తెలియని స్థితిలోనే, పాత చికిత్స కన్నా పరీక్షలో ఇచ్చిన మందే నయమని చెప్పినవారు టీ4 ఒక్కటే అందినవారిలో 29 శాతం కాగా, టీ3 ఎక్కువగా కలిపిన బృందంలో 52 శాతం. అయినా ప్రశ్నావళుల మార్కుల్లో తేడా రాలేదు. టీ3 ఎక్కువగా అందినవారిలో బరువు తగ్గిందని, టీఎస్‌హెచ్ కూడా బాగా పడిపోయిందని వైద్యులు ఎత్తిచూపారు. ఆ హెచ్చరిక సరైనదే. కానీ రోగికి తెలిసిన తేడాను ప్రశ్నావళి పట్టలేకపోతే, తప్పు రోగిదేనని ముందే అనుకోవడానికి ఆధారం లేదు.

2018లో అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ సర్వేకు 12,146 మంది బదులిచ్చారు. చికిత్సతో తృప్తి ఎండబెట్టిన గ్రంథి మందు వాడేవారిలో ఎక్కువగా, లెవోథైరాక్సిన్ ఒక్కటే వాడేవారిలో తక్కువగా కనిపించింది. తృప్తి లేనివారే ఇలాంటి సర్వేలకు ఎక్కువగా ముందుకొచ్చే అవకాశం ఉంది కాబట్టి ఆ అంకెలను అందరికీ వర్తింపజేయలేం. ఆ తర్వాత అనేక దేశాల రోగులతో జరిగిన ఒక పెద్ద సర్వే, బదులిచ్చినవారిలో సగానికి పైగా మందికి సోమాటిక్ సింప్టమ్ డిజార్డర్ ఉండవచ్చునని లెక్కగట్టింది. శరీరంలో బాధించే లక్షణాలు ఉండటం, వాటి గురించి మితిమీరి ఆందోళన చెందడం ఆ నిర్ధారణకు ప్రాతిపదిక. ఏళ్ల తరబడి తన మాట నమ్మించుకోలేకపోయిన మనిషికి ఆందోళన ఉండకుండా ఎలా ఉంటుంది? ఆ ఆందోళనను జబ్బుకు కారణంగా చూడటమా, విననందుకు ఫలితంగా చూడటమా అన్నది ఆ సర్వే తేల్చగలిగేది కాదు.

2012లోనే యూరోపియన్ థైరాయిడ్ అసోసియేషన్, టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉన్నా 5 నుంచి 10 శాతం మందిలో లక్షణాలు మిగిలిపోతున్నాయని ఒప్పుకుని, అలాంటివారికి నిపుణుల పర్యవేక్షణలో టీ3 కలిపి ప్రయోగాత్మకంగా చూడవచ్చునంది. 2021లో అమెరికా, బ్రిటన్, యూరప్ థైరాయిడ్ సంఘాలు కలిసి వెలువరించిన పత్రం ఇంకో అడుగు ముందుకు వేసింది. పాత పరీక్షలు లెవోథైరాక్సిన్‌తో తృప్తిగా ఉన్నవారిని కూడా చేర్చుకున్నాయని గుర్తించి, ఇకపై తృప్తి లేనివారినే ఎంచుకోవాలని, థైప్రో వంటి ప్రశ్నావళితో రోగి స్వయంగా చెప్పే మార్పునే ప్రధాన ఫలితంగా తీసుకోవాలని సూచించింది. 1970లలో పక్కకు జరిగిన రోగి మాటను పరీక్ష మధ్యలోకి తిరిగి తెచ్చిన సూచన అది.