గ్రహణం మొర్రి గురించి మనవలకు నానమ్మ ఉత్తరం

బంగారు తల్లులూ, నాయనలూ,

దసరా సెలవుల్లో అపార్ట్‌మెంటంతా తిరిగి గ్రహణం మొర్రి ఉన్న పిల్లల కోసం 4,600 రూపాయలు పోగుచేశారని మీ నాన్న చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! ఎవరికివ్వాలి నానమ్మా అని అడిగారు కదా. ఫోన్లో చెబితే సగం మరిచిపోతారని రాస్తున్నాను.

ముందు ఆ పేరు సంగతి. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం చూస్తే బిడ్డకు పెదవి చీలుతుందని మనవాళ్ల నమ్మకం. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. అప్పుడు మీ నాన్న నా కడుపులో ఉన్నాడు. మా అత్తగారు తలుపులు మూసి, నన్ను కదలకుండా వెల్లకిలా పడుకోబెట్టారు. ఆవిడది ప్రేమే, కాదనను. కానీ అదే నమ్మకం వల్ల, మొర్రితో బిడ్డ పుడితే చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ బాలింతను "గ్రహణం చూశావా?" అని నిలదీస్తారు. చేయని తప్పుకి ఆ తల్లి ఏళ్ల తరబడి ఏడుస్తుంది.

అసలు జరిగేది వేరు. రెండో నెలలోనే బిడ్డ ముఖం తయారవుతుంది. రెండు పక్కల నుంచీ కండ పెరుగుతూ వచ్చి మధ్యలో అతుక్కుంటుంది. మీ ముక్కు కింద వేలు పెట్టి చూడండి, రెండు సన్నని గట్లు తగులుతాయి. ఇంచుమించు అక్కడే ఆ అతుకు. అది పడకపోతే పెదవి చీలి ఉంటుంది, ఒక్కోసారి నోటి పైకప్పు, అంటే అంగిలి కూడా. ప్రపంచంలో సుమారు 700 మంది పిల్లల్లో ఒకరు ఇలా పుడతారు. వంశం, పోషకాహార లోపం, కొన్ని మందులు... కారణాలు చాలా ఉంటాయి. గ్రహణం మాత్రం కాదు.

ఆపరేషన్‌తో పెదవిని మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలిని ఏడాది అటూ ఇటూగా సరిచేస్తారు. ఈ ఆపరేషన్లకు ఇప్పుడు దారులున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్లు అంగన్‌వాడీల్లో, బళ్లలో పిల్లల్ని చూసి ఉచిత వైద్యానికి పంపుతారు. 1999లో అమెరికాలో పుట్టిన స్మైల్ ట్రైన్ సంస్థ డాక్టర్లను విమానాల్లో దింపకుండా, ఇక్కడి ఆస్పత్రులకే డబ్బిచ్చి ఇక్కడివాళ్ల చేతనే చేయిస్తుంది. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. ఆపరేషన్ తర్వాత కూడా బిడ్డను చూసే డాక్టరు ఊళ్లోనే ఉంటాడు.

ఆ తర్వాతి సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను బడిలో టీచరుగా చేరిన కొత్తల్లో నా క్లాసులో మొర్రి ఉన్న ఒక అబ్బాయి ఉండేవాడు. హాజరు పిలిస్తే పలికేవాడు కాదు, చెయ్యెత్తేవాడంతే. పలికితే మిగతావాళ్లు వెక్కిరించేవారు. పాపం ఇబ్బంది పడతాడని నేను వాడి చేత పద్యం చదివించడం మానేశాను. అది దయ అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి వాడు బళ్లో నోరు విప్పడమే మానేశాడు. వెక్కిరించినవాళ్లను ఆపకుండా నేను వాడి నోరు మూయించాను. ఆ తప్పు నాది.

తర్వాత ఒక క్యాంపులో వాడికి ఆపరేషన్ చేశారు. ముందూ వెనకా ఫొటోలు తీశారు. పెదవి చక్కగా కలిసింది, మాట మాత్రం మారలేదు. మీరు "బాబు" అనండి. పెదవుల వెనక గాలి ఆగి పేలుతుంది. అంగిలి సరిగ్గా లేకపోతే ఆ గాలి ముక్కులోంచి పోయి "మాము"లా వినిపిస్తుంది. అలా అలవాటైన నోటికి మళ్లీ మాట నేర్పాలి, నెలల తరబడి, వారం వారం. వాళ్లమ్మ కూలికెళ్లే మనిషి. పట్నం వెళ్తే ఒక రోజు కూలి పోతుంది, పైగా ఇద్దరికి బస్సు చార్జీలు. రెండుసార్లు తీసుకెళ్లి మానేసింది. ఆ చార్జీలు ఇస్తామన్నవాళ్లు ఎవరూ లేరు. నాకూ తట్టలేదు.

కాబట్టి ఏ సంస్థకిచ్చినా ముందు ఫోన్ చేసి అడగండి: ఆపరేషన్ అయ్యాక మాట నేర్పిస్తారా? తల్లికి చార్జీలిస్తారా? ఎనిమిదీ పదేళ్ల మధ్య చిగుళ్ల ఎముక, పళ్ల వైద్యం కావాల్సొస్తే చూస్తారా? "మా డబ్బు బస్సు చార్జీలకే వాడండి" అని రాసివ్వండి. ఫొటోకి రాదు కాబట్టి ఆ ఖర్చుకు ఎవరూ చందా ఇవ్వరు. రసీదు తప్పకుండా తీసుకోండి, ఆ చందాకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉందేమో మీ నాన్నను చూడమనండి.

ఇంకొకటి. మీ పోస్టరు మీద నెట్‌లో దొరికిన ఏడుస్తున్న పసిపిల్ల బొమ్మ ఉంది. ఆ పాప రేపు పెద్దదై బడికెళ్తుంది. అది తన ఫొటో అని క్లాసులో ఎవరైనా గుర్తుపడితే? వాళ్లమ్మను అడిగి తీశారో లేదో మనకు తెలియదు. అది తీసేసి మీరే ఏదైనా గీయండి.

ఏం గీయాలంటారా? అంగిలి చీలిన బిడ్డ చన్ను చీకలేదు, పాలు ముక్కులోంచి వచ్చేస్తాయి. తలెత్తి పట్టుకుని, కొంచెం కొంచెంగా ఉగ్గుగిన్నెతో పోయాలి. మీ నాన్నకు మందులు పోసిన వెండి ఉగ్గుగిన్నె నా పెట్టెలో ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు చూసి గీద్దురుగాని. రంగు పెన్సిళ్లు తెచ్చుకోండి, ఇక్కడి కొట్లో మంచివి దొరకవు.

మీ నానమ్మ