గాజు గొట్టంలో యుద్ధగాయం

1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమయ్యేనాటికి బ్రిటిష్ సైనిక వైద్యుల యుద్ధానుభవం చాలావరకు 1899–1902 మధ్య దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో సంపాదించినదే. అక్కడిది పొడి నేల, గాయాలు ఎక్కువగా రైఫిల్ తూటాలవి. తూటా సన్నని దారి చేసుకుని దూసుకుపోయేది కనుక, శుభ్రంగా కట్టు కట్టి కదిలించకుండా ఉంచితే చాలా గాయాలు వాటంతటవే మానేవి. ఫ్రాన్స్, బెల్జియం పొలాల్లో ఆ అనుభవం పనికిరాలేదు. తరతరాలుగా పశువుల ఎరువు తోలిన ఆ బురదనేలలో, గాలి తగలని చోట పెరిగే క్లాస్ట్రీడియం జాతి బాక్టీరియాలు సమృద్ధిగా ఉండేవి. పేలిన ఫిరంగి గుండు ముక్క కండను చీల్చుతూ లోపలికి పోయేటప్పుడు, బురద పట్టిన యూనిఫాం పీలికలను కూడా తనతో తీసుకుపోయేది. నలిగి రక్తప్రసరణ ఆగిపోయిన కండలో ఆక్సిజన్ ఉండదు. ఆ బాక్టీరియాలకు కావలసిందీ అదే. అవి పెరుగుతూ విడుదల చేసే విషాలు పక్కనున్న కండను కూడా చంపేవి, పుట్టిన వాయువుతో గాయం చుట్టూ ఉబ్బి, చర్మాన్ని వేలితో నొక్కితే చిటపటమనేది. గ్యాస్ గ్యాంగ్రీన్ అనే ఈ స్థితి ఒకటి రెండు రోజుల్లోనే మనిషి ప్రాణం తీయగలదు.

వైద్యులు మొదట చేసిన పని సహజమైనదే. శస్త్రచికిత్సలో క్రిమినాశకాల వాడకాన్ని ప్రవేశపెట్టిన జోసెఫ్ లిస్టర్ కాలం నుంచి నమ్ముకున్న కార్బాలిక్ ఆమ్లం వంటి క్రిమినాశకాలను గాయాల్లో ధారాళంగా పోశారు. అయినా చీము ఆగలేదు. ఎందుకు ఆగడం లేదో తెలుసుకునే పని ఫ్రాన్స్ తీరంలోని బూలోన్ పట్టణంలో జరిగింది. అక్కడ ఒక కాసినో భవనాన్ని సైనిక ఆసుపత్రిగా మార్చగా, బ్రిటిష్ బాక్టీరియా శాస్త్రవేత్త ఆల్మ్‌రోత్ రైట్ అందులో ప్రయోగశాల నడిపేవారు. ఆయన బృందంలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అనే యువ వైద్యుడు ఉండేవాడు.

ఫ్లెమింగ్ ఒక గాజు పరీక్షనాళికను మంటపై వేడిచేసి, దాని గోడలను బయటికి లాగి, లోపల బోలుగా ఉండే ముళ్లవంటి మొనలను తయారుచేశాడు. చీలిపోయిన యుద్ధగాయంలోని మూలలకు, సందులకు అది నమూనా. అందులో బాక్టీరియాలు కలిపిన రక్తరసిని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) పోసి పెరగనిచ్చి, దాన్ని ఒంపేసి క్రిమినాశకంతో నింపాడు. తరువాత ఆ మందును తీసేసి స్వచ్ఛమైన రక్తరసి పోస్తే, అదీ కలుషితమైంది. మొనల చివర దాగిన బాక్టీరియాలను మందు అందుకోలేకపోయింది. ఎన్నిసార్లు కడిగినా అంతే. అంతకన్నా ముఖ్యమైన సంగతి కూడా అతడు చూపించాడు: బాక్టీరియాను చంపడానికి వాడే ఆ మందులు, వాటితో పోరాడే తెల్లరక్తకణాలను ఇంకా తేలికగా చంపుతున్నాయి. గాయపడినవాడి శరీరం నిర్మించుకున్న రక్షణను వైద్యుడే కూల్చుతున్నాడన్న మాట. దీన్ని చాలామంది శస్త్రవైద్యులు వెంటనే ఒప్పుకోలేదు. అంతమంది చనిపోతున్న చోట, చేతిలో ఉన్న మందు ఆపమంటే మనసు ఒప్పదు, వారిని తప్పుపట్టలేం.

మందు చేరనిచోటికి కత్తి చేరాలన్నదే దీనికి జవాబు. బెల్జియన్ శస్త్రవైద్యుడు ఆంటోయిన్ డెపాజ్ వంటివారు గాయాన్ని వెడల్పుగా తెరిచి, కోస్తే నెత్తురు రాని, గిల్లితే ముడుచుకోని చచ్చిన కండనంతా తీసేసి, గుడ్డ పీలికలను ఏరివేసి, కుట్లు వేయకుండా కొన్నాళ్లు అలాగే ఉంచేవారు. ఈ పని బాక్టీరియాలు విస్తరించక ముందే, గంటల్లోనే జరగాలి. అందుకే రైలెక్కించి తీరంలోని పెద్దాసుపత్రికి పంపేవరకు శస్త్రచికిత్సను వాయిదా వేసే పద్ధతి పోయి, యుద్ధరేఖకు కొన్ని మైళ్ల వెనుక గుడారాల్లో నడిచే కాజువల్టీ క్లియరింగ్ స్టేషన్లే శస్త్రచికిత్స కేంద్రాలయ్యాయి. నా దృష్టిలో ఈ యుద్ధం వైద్యానికి నేర్పిన అతిపెద్ద పాఠం ఇదే, ఏ కొత్త మందూ దీనికి సాటిరాదు.

తెరిచి ఉంచిన గాయాన్ని కడగడానికి ఫ్రాన్స్‌లోని కాంపియేన్‌లో శస్త్రవైద్యుడు అలెక్సిస్ కారెల్, రసాయన శాస్త్రవేత్త హెన్రీ డేకిన్ కలిసి మరో పద్ధతి రూపొందించారు. మన ఊళ్లలో బావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్‌ను, చాకలిసోడాను కలిపి, బోరిక్ ఆమ్లంతో ఘాటు తగ్గించి, సుమారు అర శాతం గాఢతగల సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని డేకిన్ తయారుచేశాడు. దాన్ని రంధ్రాలున్న సన్నని రబ్బరు గొట్టాల ద్వారా గాయం మూలమూలకూ రెండేసి గంటలకోసారి, రాత్రింబవళ్లూ పంపేవారు. గాయపు స్రావాన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, బాక్టీరియాలు దాదాపు కనిపించకుండా పోయాకే కుట్లు వేసేవారు. అంత శ్రద్ధగా గొట్టాలను చూసుకునే నర్సులు లేనిచోట ఆ పద్ధతి నిలిచేది కాదు.

బూలోన్‌లో చూసినది ఫ్లెమింగ్ మరచిపోలేదు. 1928లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో ఒక బూజు చుట్టూ బాక్టీరియాలు కరిగిపోవడం గమనించాక, ఆ బూజు రసం తెల్లరక్తకణాలకు హాని చేస్తుందా అని కూడా పరీక్షించాడు. ఆ రసానికి పెన్సిలిన్ అని పేరుపెట్టి 1929లో ప్రచురించిన వ్యాసంలో, అది ఆ కణాల పనికి మామూలు పోషక ద్రవం కన్నా ఎక్కువగా అడ్డు రావడం లేదని రాశాడు.