టీవీ ప్యానెల్ స్పెసిఫికేషన్లు: ఏ దేశం మోడల్‌కి ఆ దేశం లెక్క (అపోహలు - వాస్తవాలు)

టీవీలు అమ్మడం, గోడకు బిగించడం, పాడైతే విప్పి చూడటం నా పని. ఈమధ్య కొనడానికి వచ్చేవాళ్లు చాలామంది ఫోన్లో ఒక అమెరికా రివ్యూ తెరిచి పెట్టుకుని వస్తున్నారు. డాలస్‌లో ఉన్న అబ్బాయో, లండన్‌లో ఉన్న అల్లుడో పంపించి ఉంటాడు. "ఇదే మోడల్ ఇవ్వండి, నూట ఇరవై హెర్ట్జ్ అంట, బాగుందంట" అంటారు. హెర్ట్జ్ అంటే సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క. రివ్యూ నిజమే. కాకపోతే ఆ రివ్యూలో ఉన్న టీవీ, మన షోరూములో ఉన్న టీవీ ఒకటేనా అన్నది వేరే ప్రశ్న.

అపోహ: సిరీస్ పేరు ఒకటైతే టీవీ ఒకటే. పేరు వేరైతే టీవీ వేరు.

రెండూ తప్పే. సోనీ 2020లో తెచ్చిన ఒక సెట్‌నే తీసుకోండి. అమెరికాలో దాని పేరు ఎక్స్900హెచ్, యూరప్‌లో ఎక్స్‌హెచ్90, మన దగ్గర ఎక్స్9000హెచ్. ఒకే టీవీకి మూడు పేర్లు. పేరు వేరుగా ఉందని "ఇండియాకి పాతది అంటగట్టారండీ" అని నాతో వాదించినవాళ్లు ఉన్నారు.

దీనికి తిరగేసిన ఉదాహరణ శాంసంగ్ ఎస్90డి. 2024 మోడల్. పేరు ఒక్కటే, లోపల ప్యానెళ్లు (బొమ్మ చూపించే తెరలు) రెండు రకాలు. రెండూ ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే ఓఎల్ఈడీలే. కొన్ని సైజుల్లో, కొన్ని దేశాల్లో క్యూడీ-ఓఎల్ఈడీ. మిగతా చోట్ల డబ్ల్యూఓఎల్ఈడీ. 42, 48, 83 ఇంచీలవి డబ్ల్యూఓఎల్ఈడీ. మధ్య సైజుల్లోనే దేశాన్ని బట్టి మారింది.

తేడా కంటికి తెలుస్తుందా అంటే తెలుస్తుంది. డబ్ల్యూఓఎల్ఈడీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాక నాలుగోది తెల్ల సబ్‌పిక్సెల్ (ఒక్కో చుక్కలోని రంగు భాగం) ఉంటుంది. వెలుగు పెంచడానికి దాని సాయం తీసుకుంటుంది కాబట్టి బాగా ప్రకాశవంతమైన చోట రంగు కొంచెం పలచబడుతుంది. క్యూడీ-ఓఎల్ఈడీలో తెల్లది ఉండదు. నీలి వెలుగునే క్వాంటమ్ డాట్ల ద్వారా ఎరుపు, ఆకుపచ్చగా మారుస్తుంది. రంగులు చిక్కగా నిలబడతాయి. అయితే పగలు కిటికీలు తెరిచి, పైన ట్యూబ్‌లైట్ వేసి ఉండే హాల్లో దాని నలుపు కాస్త ఊదా బూడిదగా కనిపిస్తుంది. చీకటి గదిలో చేసిన రివ్యూలో ఆ సంగతి మీకు తెలియదు. మన ఇళ్లలో టీవీ ఎక్కువగా నడిచేది వెలుతురులోనే. క్యూడీ దొరకలేదని బాధపడే ముందు మీ హాలు ఒకసారి చూసుకోండి.

కాబట్టి పోల్చాల్సింది పూర్తి మోడల్ నంబరు, చివరి అక్షరం దాకా. శాంసంగ్ ఎల్ఈడీ సెట్లలో మొదటి రెండక్షరాలు యూఎన్ అయితే అమెరికా, యూఈ అయితే యూరప్, యూఏ అయితే ఆసియా. దుబాయ్ సెట్ మీద కూడా యూఏ అనే ఉంటుంది, అక్కడ మోసపోవద్దు. చివర చూడండి: ఎక్స్ఎల్ అని ముగిస్తే ఇండియా, జడ్‌ఎన్ అయితే గల్ఫ్, జడ్‌ఏ అయితే అమెరికా. ఎల్‌జీ సీ3 ఓఎల్ఈడీకి మన దగ్గర చివర పీఎస్ఏ, అమెరికాలో పీయూఏ. ఆన్‌లైన్ పేజీల్లో ఈ తోక అక్షరాలు కత్తిరించి రాస్తుంటారు. అవి లేని స్పెసిఫికేషన్ పట్టికను నేనైతే నమ్మను.

అపోహ: మన దగ్గర 50 హెర్ట్జ్ అని రాశారు, అమెరికాలో అదే 60. మనకు నాసిరకం ప్యానెల్ వేశారు.

ఈ ప్రశ్న రాని వారం లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, మన టీవీ ప్రసారాలు పాల్ (PAL) అనే పాత ప్రసార పద్ధతి కాలం నుంచీ ఆ లెక్కలోనే నడుస్తున్నాయి. సెట్ టాప్ బాక్సులో వచ్చే హెచ్‌డీ ఛానళ్లు కూడా 50 లెక్కే. అమెరికాది 60 లెక్క. అందుకే కొన్ని కంపెనీలు ఇండియా పేజీలో 50 అనీ, అమెరికా పేజీలో 60 అనీ రాస్తాయి. వాటి లోపలి ప్యానెల్ రెంటికీ పనిచేసేదే. అలాగే ఇక్కడ 100 అని రాసింది, అక్కడ 120 అని రాసింది ఒకే తరగతి. మీరు చూడాల్సిన తేడా 50/60 తరగతికీ 100/120 తరగతికీ మధ్య ఉంది.

అసలు బురిడీ ఇంకోచోట ఉంది. "మోషన్ రేట్", "మోషన్‌ఫ్లో", "ట్రూమోషన్" లాంటి పేర్ల పక్కన వేసే పెద్ద అంకెలు ప్యానెల్ వేగం కాదు. ప్రాసెసింగ్, బ్యాక్‌లైట్ కలిపి కంపెనీ కట్టుకున్న లెక్క. సోనీ మామూలు సెట్లకే ఇక్కడ మోషన్‌ఫ్లో 200 అని ఉంటే అమెరికాలో 240 అని ఉండేది. 50ని నాలుగుతో గుణిస్తే 200, 60ని గుణిస్తే 240. ఆ 200 చూసి నూట ఇరవై కన్నా మెరుగనుకుని కొన్నవాళ్లు పీఎస్5 గేమింగ్ బాక్సు తగిలించాక, 120 ఎందుకు రావట్లేదని అడుగుతారు. పట్టికలో "నేటివ్" (ప్యానెల్ అసలు వేగం) అని రాసి ఉన్న అంకె వెతకండి. లేకపోతే 50/60 అనే అనుకోండి.

అపోహ: సైజు మారితే సైజే మారుతుంది, మిగతాదంతా అంతే.

శాంసంగ్ 2020 క్యూ80టీలో 55 ఇంచీలు, ఆ పైవి 120 హెర్ట్జ్. అదే సిరీస్‌లో 49 ఇంచీలది 60. రివ్యూ చేసేవాళ్లకు కంపెనీలు ఎక్కువగా పంపేది 55, 65. మనవాళ్లు ఎక్కువగా కొనేది 43, 50. కోత పడేది సరిగ్గా అక్కడే.

ప్యానెల్ రకం కూడా మారుతుంది. ఎల్ఈడీ పేరుతో అమ్మే ఎల్‌సీడీ సెట్లలో ఐపీఎస్, వీఏ అని రెండు రకాల ప్యానెళ్లు ఉంటాయి. ఒకే సిరీస్‌లో 43, 55 ఐపీఎస్ తరహా, మధ్యలో 50 మాత్రం వీఏ అన్న సందర్భాలున్నాయి. ఐపీఎస్ కాంట్రాస్ట్ (తెలుపు, నలుపుల వెలుగు నిష్పత్తి) సుమారు 1000:1, వీఏది 3000:1 పైనే ఉంటుంది. వీఏలో రాత్రి సన్నివేశాలు బాగుంటాయి. కానీ పక్కన కూర్చున్నవాళ్లకు రంగులు వెలిసిపోతాయి. దివాన్ మీద ఒకరు, కింద చాప మీద ఇద్దరు, వంటగది గుమ్మంలోంచి ఒకరు చూసే ఇంటికి నేను ఐపీఎస్ చెబుతాను. ఇద్దరే ఎదురుగా కూర్చుని రాత్రిపూట సినిమాలు చూసేవాళ్లకు వీఏ.

పట్టికలో ఈ మాట చాలా కంపెనీలు రాయవు. షోరూములో చీకటి సీను పెట్టించి పక్కకు జరగండి. రంగులు పాలిపోతే వీఏ. రంగులు నిలబడి నలుపు మాత్రం బూడిదగా మెరిస్తే ఐపీఎస్. సేల్స్ అబ్బాయి ఎప్పుడూ పెట్టే పూల వీడియోలో ఏదీ తెలియదు. పెన్‌డ్రైవ్‌లో మీ సీను మీరే తెచ్చుకోండి.

అపోహ: కొరియా కంపెనీ టీవీలో కొరియా ప్యానెల్, ఇక్కడ బిగించిన దాంట్లో చైనా ప్యానెల్.

శాంసంగ్ డిస్‌ప్లే 2022లోనే ఎల్‌సీడీ తయారీ మానేసింది. ఎల్‌జీ డిస్‌ప్లే గ్వాంగ్‌జౌలోని తన ఎల్‌సీడీ ఫ్యాక్టరీని టీసీఎల్‌కు చెందిన సీఎస్‌ఓటీకి అమ్మేసింది. ఆ అమ్మకం 2025లో పూర్తయింది. ఓఎల్ఈడీ సంగతి వేరు కానీ, ఈరోజు ఎల్‌సీడీ టీవీ ఏ బ్రాండుదైనా లోపలి గాజు చాలావరకు బీఓఈ, సీఎస్‌ఓటీ, హెచ్‌కేసీ లాంటి చైనావాళ్లదో, ఏయూఓ, ఇన్నోలక్స్ లాంటి తైవాన్ వాళ్లదో. అమెరికాలో అమ్మినా అంతే, అనంతపురంలో అమ్మినా అంతే. ఓపెన్ సెల్ (బ్యాక్‌లైట్ లేని ఉత్త ప్యానెల్ గాజు) దిగుమతి చేసుకుని ఇక్కడ బ్యాక్‌లైట్, బోర్డులు కలిపి బిగిస్తారు. మన తిరుపతిలోనే డిక్సన్ అనే కంపెనీ ఆ పని చేస్తోంది, టీసీఎల్‌కీ అక్కడ ప్యానెల్ యూనిట్ ఉంది. ఇక్కడ బిగించినంత మాత్రాన బొమ్మ తగ్గదు. తేడా తెచ్చేది బ్యాక్‌లైట్ ఎన్ని జోన్లు (విడివిడిగా వెలుగు తగ్గించి పెంచగల భాగాలు), ఎంత వెలుగు అన్నవి.

అపోహ: హెచ్‌డీఆర్, హెచ్‌డీఎంఐ 2.1 అని ఉంటే అన్నీ ఉన్నట్టే.

హెచ్‌డీఆర్ అంటే వెలుగు-నీడల తేడా ఎక్కువగా చూపే వీడియో పద్ధతి. హెచ్‌డీఆర్10 అని రాశారంటే ఆ సిగ్నల్ తీసుకోగలదని. చూపించగలదని కాదు. 300 నిట్స్ (నిట్స్ అంటే వెలుగు కొలత) మాత్రమే ఇచ్చే టీవీ మీదా అదే ముద్ర ఉంటుంది. హెచ్‌డీఎంఐ 2.1లో ఫీచర్లు చాలావరకు ఐచ్ఛికం, కాబట్టి "4కే 120" అని విడిగా రాశారా, ఎన్ని పోర్టులకు రాశారో చూడండి. డాల్బీ విజన్ అనే ఇంకో హెచ్‌డీఆర్ పద్ధతిని శాంసంగ్ ఏ దేశంలోనూ ఇవ్వలేదు, బయటి నుంచి తెప్పించినా రాదు.

అపోహ: అక్కడి నుంచి తెచ్చుకుంటే మంచి ప్యానెల్ చవకగా వస్తుంది.

ముందు వెనక స్టిక్కర్ చదవండి. 110-240 వోల్ట్‌లు అని ఉంటే ప్లగ్ మారిస్తే సరిపోతుంది. 110-120 అని మాత్రమే ఉంటే మన 230లో నేరుగా పెట్టకూడదు, పవర్ బోర్డు పోతుంది. అమెరికా సెట్లలో కొన్ని మన సెట్ టాప్ బాక్సు పంపే 50 హెర్ట్జ్ సిగ్నల్‌ను తీసుకోవు, స్క్రీన్ మీద "మోడ్ నాట్ సపోర్టెడ్" అని వచ్చి ఊరుకుంటుంది. గల్ఫ్ సెట్లకు ఈ రెండు బాధలూ లేవు, అక్కడి ప్రసారాలు కూడా 50 హెర్ట్జ్ లెక్కే.

2013 ఆగస్టు 26 నుంచి ఫ్లాట్ టీవీలను సుంకం లేని బ్యాగేజీ నుంచి తీసేశారు. కువైట్ నుంచి వచ్చే అన్నయ్యలు ఇప్పటికీ "ఒకటి ఫ్రీ కదా" అంటుంటారు. బయల్దేరే ముందు అప్పటికి ఉన్న కస్టమ్స్ రేటు కనుక్కుని ఇక్కడి పండగ ఆఫర్ ధరతో కలిపి చూడండి. ప్యానెల్ పగిలితే దాని ఒక్కదాని ఖరీదే కొత్త టీవీ ధరకు దగ్గరగా వెళ్తుంది. పైగా ఇక్కడ అమ్మని మోడల్‌కు ఆ ప్యానెల్ తెప్పించడం మా చేతుల్లో ఉండదు. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే సీరియల్ నంబరు అడిగి "మన దేశం సెట్ కాదండీ" అని పెట్టేస్తారు.

ఇక్కడే కొన్నా డెలివరీ రోజు ఒక పని చేయండి. ఇన్‌స్టలేషన్ అబ్బాయి టేపు కోయకముందే డబ్బా మీది స్టిక్కర్‌ను ఫోటో తీయండి. దాని మీద ఉన్న పూర్తి మోడల్ నంబరు, బిల్లు మీది నంబరు అక్షరం అక్షరం కలవాలి. బిల్లులో ఉత్త "55 ఇంచ్ 4కే టీవీ" అని రాసి ఇస్తే పూర్తి నంబరు వేయించుకున్నాకే డబ్బా తెరవనివ్వండి.